డియోడరెంట్ వల్లే రొమ్ము క్యాన్సర్ వస్తుందంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఆ మెసేజ్ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఇంచుమించు ఇలా ఉంటుంది: చంకల్లో డియోడరెంట్ రాసుకుంటే చెమట ఆగిపోతుంది, చెమటతో బయటికి పోవాల్సిన విషాలు లోపలే ఉండిపోయి లింఫ్ గ్రంథుల్లో పేరుకుంటాయి, అవే రొమ్ములోకి చేరి క్యాన్సర్ అవుతాయి, ఇది సైంటిస్టులే తేల్చారు, అందుకే గడ్డలు ఎక్కువగా చంక వైపే వస్తాయి, అందుకే మామోగ్రామ్‌కి (రొమ్ము ఎక్స్‌రేకి) వెళ్లేటప్పుడు డియోడరెంట్ వద్దంటారు, రేడియేషన్లో రాస్తే చర్మం కాలిపోతుంది, ఒకసారి క్యాన్సర్ వచ్చినవాళ్లయితే జన్మలో దాని జోలికి పోకూడదు, కావాలంటే పటిక, వంటసోడా, నిమ్మరసం వాడుకోండి. ఆఖర్న "మీ ఇంట్లో ఆడవాళ్లందరికీ పంపండి" అని ఒకటి. 1990ల చివర్లో ఈమెయిళ్లలో తిరిగిన మాటే ఇది, ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోంది.

ఇంకెప్పుడైనా అయితే చూసి వదిలేసేదాన్నేమో. కానీ మా అక్కకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన మూడో వారంలో, ఇంకా చెయ్యి భుజం పైకి లేవట్లేదు, గోడ మీద వేళ్లు పాకించే ఎక్సర్‌సైజ్ చేస్తోంది, మధ్యలో ఆపి ఫోన్ నా చేతికిచ్చింది. పిన్ని పంపిన మెసేజ్ అది. "నేను కాలేజీ రోజుల నుంచీ రోజూ రాసుకునేదాన్ని కదే, అంటే నా చేతులారా నేనే తెచ్చుకున్నానా?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది అక్కడే. ఒక మనిషి ఒళ్లు కోయించుకుని, ఇంకా కీమో రేడియేషన్ ముందుండగా, తప్పు కూడా తనదే అని మోయాలా? అందుకే ఒక్కో మాటా పట్టుకుని రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

"చెమటతో విషాలు బయటికి పోతాయి." చెమటలో దాదాపు 99 శాతం నీళ్లే, మిగతాది ఉప్పు, కాస్త యూరియా లాంటివి. దాని పని ఒంటిని చల్లబరచడం. ఒంట్లో అక్కర్లేనివాటిని విడగొట్టి బయటికి పంపేది లివరూ కిడ్నీలూ. పైగా ఒంటి నిండా 20 లక్షల నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులుంటాయి, అందులో చంకలవి చాలా తక్కువ, అక్కడ కాస్త తగ్గితే ఒంట్లో విషం నిలిచిపోవడం అనేదేమీ ఉండదు. ఇంకోటి, డియోడరెంట్ అసలు చెమటని ఆపదు. రెండూ కలిపి డియో అనేస్తాం గానీ డియోడరెంట్ వేరు, యాంటీపెర్స్పిరెంట్ వేరు. మొదటిది చెమటని కుళ్లబెట్టి వాసన తెచ్చే బ్యాక్టీరియాని తగ్గిస్తుంది, అంతే. రెండోదాంట్లో అల్యూమినియం లవణాలుంటాయి, అవి చెమట నాళం మూతి దగ్గర జిగురులా గడ్డకట్టి కొంతసేపు చెమట తగ్గిస్తాయి, పై చర్మం రాలేకొద్దీ అదీ పోతుంది. పూర్తిగా మూసెయ్యడం అనేది అప్పుడు కూడా జరగదు.

"లింఫ్ గ్రంథుల్లో పేరుకుని అక్కడి నుంచి రొమ్ములోకి వెళ్తాయి." ఇది పూర్తిగా తిరగేసి చెప్పిన మాట. చెమట గ్రంథులకీ లింఫ్ గ్రంథులకీ మధ్య దారే లేదు, చెమట చర్మంలో పుట్టి చర్మం మీదికే వస్తుంది. ఇక లింఫ్ ద్రవం, అంటే కణజాలంలోంచి ఊరి సన్న నాళాల్లో పారే నీరు లాంటిది, ప్రవాహం ఎటు అంటే, రొమ్ము నుంచి ఎక్కువ భాగం చంక వైపుకే వెళ్తుంది, చంక నుంచి రొమ్ములోకి కాదు. సెంటినల్ నోడ్ బయాప్సీ చేయించుకున్నవాళ్లకి ఇది బాగా తెలుసు. ఆపరేషన్ టైంలో రొమ్ములో నీలం రంగు డై గానీ కొద్దిపాటి రేడియోధార్మిక మందు గానీ ఎక్కిస్తారు, అది పాకుతూ పాకుతూ చంకలో ముందుగా ఏ గ్రంథికి చేరితే దాన్నే తీసి పరీక్షకి పంపుతారు. అక్కకి కూడా అలాగే చేశారు, ఆ నీలం మచ్చ కొన్నాళ్లు రొమ్ము మీద ఉండిపోయింది. ఆ మచ్చ చూపించే చెప్పాను తనకి, చూడవే అక్కా, రంగు ఇక్కడ వేస్తే అక్కడికి వెళ్లింది, అక్కడ రాసింది ఇక్కడికి రాలేదు అని. అప్పుడు మొదటిసారి మొహం కాస్త తేటపడింది.

"గడ్డలు చంక వైపే ఎక్కువ వస్తాయి." ఇది నిజమే, సగానికి దగ్గరగా రొమ్ము పైభాగంలో బయటి వైపునే కనపడతాయి. కారణం ఏంటంటే రొమ్ము కణజాలం అక్కడే ఎక్కువ ఉంటుంది, ఎక్కువ ఉన్నచోట ఎక్కువ వస్తాయి.

"మామోగ్రామ్ ముందు అందుకే వద్దంటారు." వద్దనడం నిజం, కారణం మాత్రం ఇది కాదు. యాంటీపెర్స్పిరెంట్లో, కొన్ని పౌడర్లలో ఉండే సన్న రేణువులు ఎక్స్‌రేలో తెల్ల చుక్కల్లా పడతాయి, రొమ్ములో ఉండే మైక్రోకాల్సిఫికేషన్లు, అంటే సన్నటి కాల్షియం చుక్కలు కూడా అలాగే ఉంటాయి కాబట్టి డాక్టర్ తికమక పడి మళ్లీ ఇంకో పరీక్ష రాయాల్సి వస్తుంది. ఆ ఒక్కరోజు మానేస్తే చాలు.

ఇప్పుడు అసలు ముఖ్యమైనది, "సైంటిస్టులే తేల్చారు" అన్న మాట. తేల్చలేదు. 2002లో అమెరికాలో సియాటిల్ ప్రాంతంలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 813 మందినీ రాని 793 మందినీ పక్కపక్కన పెట్టి అడిగారు, ఏది రాసుకుంటారు, షేవ్ చేస్తారా, షేవ్ చేసిన గంటలోపే రాస్తారా అని. దేనికీ క్యాన్సర్‌తో సంబంధం కనపడలేదు. మెసేజ్‌ల వాళ్లు చూపించేది 2003లో వచ్చిన ఇంకో సర్వే, అందులో 437 మంది, అందరూ క్యాన్సర్ వచ్చినవాళ్లే. చిన్న వయసు నుంచే షేవ్ చేసి రాసుకున్నవాళ్లకి క్యాన్సర్ కూడా చిన్న వయసులో బయటపడిందని అందులో ఉంది. కానీ క్యాన్సర్ రానివాళ్లు ఒక్కరూ లేకుండా దేనితో పోల్చి చూస్తాం? పైగా ఇప్పటి తరం వాళ్లు ఇవన్నీ చిన్నప్పుడే మొదలుపెట్టారు, పెద్ద తరం వాళ్లు పెద్దయ్యాక మొదలుపెట్టారు, ముప్పైల వయసులో క్యాన్సర్ వచ్చినావిడ ఎలాగూ చిన్నప్పుడే మొదలుపెట్టి ఉంటుంది కదా.

2004లో ఇంగ్లండ్‌లో 20 గడ్డల ముక్కల్లో పారాబెన్లు కనపడ్డాయని వచ్చింది. పారాబెన్లు అంటే క్రీములూ లోషన్లూ చెడిపోకుండా వేసే ప్రిజర్వేటివ్‌లు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఆ స్టడీ చెప్పలేదు, మామూలు రొమ్ము కణజాలంలో ఉన్నాయో లేదో పోల్చలేదు, కనపడినంత మాత్రాన అవే కారణం అని కూడా అనలేదు. వాటికి ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) లాంటి గుణం ఉన్న మాట నిజం, కానీ ఒంట్లో పుట్టే ఈస్ట్రోజన్‌తో పోలిస్తే అది వేల రెట్లు బలహీనం. అయినా హార్మోన్ పాజిటివ్ క్యాన్సర్, అంటే ఇలాంటి హార్మోన్ల వల్ల పెరిగే రకం వచ్చి మనసులో అనుమానం పీకుతుంటే పారాబెన్ లేనిది కొనుక్కోండి, దాంట్లో నష్టం ఏమీ లేదు. మనశ్శాంతి కోసం మానడం ఒకటి, భయపెట్టి మాన్పించడం ఇంకొకటి, నా గొడవంతా రెండోదాంతోనే.

న్యాయంగా చెప్పాలంటే ఆ వైపు మాట్లాడే స్టడీ కూడా ఒకటుంది, దాచడం నాకిష్టం లేదు. 2017లో ఆస్ట్రియాలో 209 మంది పేషెంట్లనీ 209 మంది మామూలు ఆడవాళ్లనీ పోలిస్తే, 30 ఏళ్ల లోపే రోజుకి చాలాసార్లు రాసుకున్నామని చెప్పినవాళ్లలో రిస్క్ ఎక్కువ కనపడింది. అయితే ఇదంతా ఎప్పుడో చిన్నప్పటి అలవాటు గుర్తు తెచ్చుకుని చెప్పింది. క్యాన్సర్ వచ్చిన మనిషి "ఎందుకొచ్చింది" అని రాత్రింబవళ్లు వెతుక్కుంటూ ఉంటుంది, మా అక్కలాగే, కాబట్టి ఆమెకి ఎక్కువే గుర్తొస్తుంది. అసలు చర్మంలోంచి లోపలికి వెళ్లేదెంత అని 2001లో ఇద్దరు మనుషుల మీద కొలిస్తే, రాసిన అల్యూమినియంలో 0.012 శాతం. ఇలాంటి వస్తువుల భద్రత చూసే యూరప్ సైంటిఫిక్ కమిటీ 2020లో, స్ప్రే కాని వాటిలో 6.25 శాతం, స్ప్రేల్లో 10.60 శాతం వరకు అల్యూమినియం ఉన్నా సేఫ్ అని చెప్పింది. నిజంగా జాగ్రత్త పడాల్సింది కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు, వాళ్ల ఒంట్లోంచి అల్యూమినియం సరిగ్గా పోదు, అమెరికాలో యాంటీపెర్స్పిరెంట్ డబ్బా మీద కిడ్నీ జబ్బుంటే డాక్టర్‌ని అడగమని రాసి ఉండేది అందుకే.

"పటిక, వంటసోడా, నిమ్మరసం వాడండి." ఈ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. పటిక అంటే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్, అదీ అల్యూమినియం లవణమే! క్రిస్టల్ డియోడరెంట్ అని, నేచురల్ అని అమ్మేవి చాలావరకు ఇవే. అల్యూమినియం భయంతో మానేసి అల్యూమినియమే రుద్దుకోమనడం అన్నమాట. వంటసోడా క్షారం, మన చర్మం పీహెచ్ 5 దగ్గర కాస్త ఆమ్లంగా ఉంటుంది, సోడా 8 పైన. మంచి చర్మానికే కొందరికి మంట పుడుతుంది. అక్క నాకు చెప్పకుండా రేడియేషన్ మూడో వారంలో సోడా నీళ్లతో కలిపి రాసుకుంది. రెండో రోజు సాయంత్రానికి చంక మడత లోపల చర్మం ఎర్రగా కందిపోయి, తర్వాత తడితడిగా పొర ఊడిపోయింది, జాకెట్ తగిలితే చాలు కళ్లల్లో నీళ్లు, చెయ్యి నడుం మీద పెట్టుకుని ఒంటికి ఆనకుండా ఫ్యాన్ కింద నిలబడేది. కొంత రేడియేషన్ వల్ల ఎలాగూ వస్తుంది, అంతా సోడా వల్లే అననుగానీ ఆ చర్మం మీద అది వెయ్యకుండా ఉండాల్సింది. నిమ్మరసమైతే చెప్పక్కర్లేదు, పుండు మీద ఎలా ఉంటుందో మీకే తెలుసు.

"రేడియేషన్లో రాస్తే చర్మం కాలిపోతుంది." ఇది మెసేజ్‌లోనే కాదు, చాలా ఏళ్లు ఆస్పత్రుల్లోనూ చెప్పారు, అల్యూమినియం లోహం కాబట్టి పై చర్మానికి డోస్ పెరుగుతుందేమో అన్న ఊహతో. తర్వాత కొలిచి చూశారు. 2009లో కెనడాలో 84 మందితో లోహం లేని డియోడరెంట్ మీద, 2012లో అక్కడే 198 మందితో అల్యూమినియం ఉన్నదాని మీద, 2014లో ఆస్ట్రేలియాలో 333 మందితో రెండు రకాలూ వట్టి సబ్బూ పోల్చి ట్రయల్స్ చేశారు. రాసుకున్నవాళ్లకి చర్మం ఎక్కువ దెబ్బతినలేదు, అల్యూమినియం ఉన్నది వాడినవాళ్లకి చెమట బాధ తగ్గింది కూడా. అయినా మీ రేడియేషన్ టీం వద్దంటే వాళ్ల మాటే వినండి, మీ చర్మాన్ని రోజూ చూసేది వాళ్లే. ఈ ట్రయల్స్ సంగతి మాత్రం అడగండి, అడిగితే తప్పేం లేదు.

మరి ఏది ఎంచుకోవాలి అంటే, భయాన్ని బట్టి కాదు, చర్మం ఎలా ఉందో చూసుకుని. కుట్లు ఆరేదాకా, డ్రెయిన్ (ఆపరేషన్ చోట నీరు బయటికి పోవడానికి పెట్టే గొట్టం) తీసిన చోటు పూర్తిగా మూసుకునేదాకా ఏమీ వద్దు. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి సబ్బు, రుద్దకుండా అద్ది తుడుచుకోవడం, అంతే. రేడియేషన్లో ఎర్రబడినా చర్మం పగలకుండా ఉంటే, టీం సరేనంటే సువాసన లేనిది, ఆల్కహాల్ లేనిది. ఇక్కడ ఒక చిక్కు, డబ్బా మీద "వాసన లేదు" అని ఉంటే సరిపోదు, ఒక వాసనని కప్పెట్టడానికి ఇంకోటి కలిపి అలా రాస్తారు ఒక్కోసారి, సువాసన ద్రవ్యాలే వేయలేదని ఉండాలి. గట్టి స్టిక్ రుద్దితే కందిన చర్మం లాగుతుంది, క్రీమో రోల్ ఆనో మేలు, ముందు మంచి చెయ్యి మీద కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడండి. రేడియేషన్ కోసం ఒంటి మీద గీసిన గుర్తులు చెరపకండి. పొర ఊడి తడిగా అయితే ఆ రోజే ఆపెయ్యండి. కీమోలో వాసనలు కడుపులో తిప్పుతాయి కాబట్టి అప్పుడు కూడా సువాసన లేనిదే సుఖం.

షేవింగ్ గురించి ఆ మెసేజ్ ఒక్క మాట చెప్పలేదు, కానీ నా లెక్కలో అసలు జాగ్రత్త అక్కడే. లింఫ్ గ్రంథులు తీసే ఆపరేషన్లో చంక దగ్గర ఒక నరం దెబ్బతిని చాలామందికి అక్కడంతా మొద్దుబారిపోతుంది. బ్లేడ్ తెగినా తెలీదు. ఆ గాటులోంచి ఇన్ఫెక్షన్ వస్తే చెయ్యి వాపు మొదలవ్వచ్చు, ఉన్నది పెరగచ్చు. ఎలక్ట్రిక్ షేవర్ వాడండి, అద్దంలో చూసుకుంటూ చెయ్యండి, ఎరుపు గానీ వేడి గానీ జ్వరం గానీ కనపడితే ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. రేడియేషన్ పడిన చంకలో చాలామందికి వెంట్రుకలూ చెమటా తగ్గిపోతాయి, అక్కకి ఆ పక్క ఇప్పుడు షేవింగే అక్కర్లేదు. టామోక్సిఫెన్ (హార్మోన్ పాజిటివ్ క్యాన్సర్‌కి ఇచ్చే మాత్ర) మొదలయ్యాక రాత్రుళ్లు వచ్చే ఆవిర్లకి మాత్రం ఏ డియోడరెంటూ పనికిరాదు, ఆ చెమట ఒళ్లంతా పడుతుంది. దానికి మందులున్నాయి, డాక్టర్‌ని అడగండి, సొంతంగా ఏదీ వేసుకోకండి, ఈ ఆవిర్లకి ఇచ్చే డిప్రెషన్ మాత్రల్లో కొన్ని టామోక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి.

పిన్నికి నిన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. తను ప్రేమతోనే పంపింది, నాకు తెలుసు, అక్క ఆపరేషన్ రోజు రాత్రంతా బయట బెంచీ మీద కూర్చున్న మనిషి. అంతా విని కాసేపు ఊరుకుని, "అది పాపం నిజమనుకుని ఏడ్చిందా?" అంది. ఏడ్చింది పిన్నీ అన్నాను. తర్వాత గొంతు తగ్గించి, రేపు నాకూ మామోగ్రామ్ ఉందే, మరి నేనేం చెయ్యను అని అడిగింది. పొద్దున స్నానం చేసి ఏమీ రాసుకోకుండా వెళ్లు, డబ్బా బ్యాగులో పెట్టుకో, అయిపోయాక అక్కడే రాసుకోవచ్చు అన్నాను.