మహారాజశ్రీ నాలుగు నిమిషాల వారికి

విశాఖపట్నం, పెదవాల్తేరు, మూడో అంతస్తు డాబా మీద నుంచి వ్రాయునది.

అయ్యా, మీ అసలు పేరు 3 నిమిషాల 56 సెకన్లని ఈ మధ్యే తెలిసింది. నాలుగు నిమిషాలన్నది ముద్దుపేరు అనుకోండి. ఇన్నేళ్ళూ మిమ్మల్ని నేను లెక్కే చేయలేదు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర రోజూ మీలాంటివాళ్ళని ఇద్దరు ముగ్గురిని వదిలేసి ఇంటికొచ్చేవాణ్ణి.

సంక్రాంతినాడు రాత్రి ఎనిమిదింటికి డాబా ఎక్కితే, సముద్రం మీద బాగా పైకి వచ్చి ఉంది మృగశిర. కింద, వేటగాడి ఆకారంలో కనబడే చుక్కల గుంపు (ఓరియన్) నడుం మీద మూడు చుక్కలు వరసగా, గీత గీసినట్టు. హైదరాబాదులో ఉన్న మనవరాలికి ఫోన్ చేసి, "సెలవులకి రా, చూపిస్తా" అని మాటిచ్చేశాను. అప్పుడు మీరు వింటూనే ఉన్నారు. ఒక్క ముక్క అనలేదు.

పిల్ల మే నెలాఖర్లో వచ్చింది. రోజూ ఎనిమిదింటికి డాబా ఎక్కాం. మృగశిర లేదు. "తాతా, నీ చుక్కలు డ్యూటీ దిగిపోయాయా?" అంది. ముప్ఫై ఏళ్ళు షిఫ్టులు చేసినవాణ్ణి, నన్నా ఆ మాట!

పరువు కోసం పంచాంగం తిరగేశాను. జూన్ 8, మృగశిర కార్తె అని ఉంది. ఇంకేం, సొంత కార్తెకి రాకుండా ఎక్కడికి పోతుంది? ఆ రోజూ రాలేదు. తీరా చూస్తే కార్తె అంటే నక్షత్రం కనబడే రోజులు కావట, సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే రోజులట. పట్టపగలు ఆయనతోపాటే ఎక్కి ఆయనతోపాటే దిగిపోతుంది. అంటే మృగశిరను చూడ్డానికి ఏడాదిలో మృగశిర కార్తె అంత పనికిరాని రోజులు ఇంకోటి లేవు! రాత్రంతా చూడాలంటే మార్గశిరంలోనే చూడాలి. ఆ నెల పున్నమి చంద్రుడు మృగశిర దగ్గర, సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంటాడు. అందుకే ఆ రోజుల్లో అది పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కనబడుతుంది. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టినవారికి నా నమస్కారం.

రాత్రంతా చుక్కలు సముద్రంలోంచి లేచి సింహాచలం కొండల వెనక్కి పోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. భూమి తన చుట్టూ తాను గంటకి 15 డిగ్రీలు తిరుగుతోంది, అది మామూలు షిఫ్టు మార్పు. మీ వ్యవహారం వేరు. చుక్కల లెక్కన భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలే పడుతుంది. ఈలోగా సూర్యుడి చుట్టూ ఉన్న దారిలో దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరిగిపోతుంది కాబట్టి, మళ్ళీ ఆయనకి ఎదురుగా రావాలంటే ఇంకాస్త తిరగాలి. ఆ ఇంకాస్తే తమరు. మా గడియారం సూర్యుడి పార్టీ, మిమ్మల్ని కలుపుకుని 24 అంటుంది. చుక్కలు కలుపుకోవు, రోజూ అంత ముందే వచ్చేస్తాయి. నెలకి రెండు గంటలు! సంక్రాంతికి రాత్రి ఎనిమిదింటికి ఉన్నచోటికి జూన్ 8న పొద్దున్న పదిన్నరకే వచ్చి కూర్చుంది మృగశిర.

మీ సంగతి తెలిసినవాళ్ళు మా ఊళ్ళో లేకపోలేదు. 1840లోనే గోడే వెంకట జగ్గారావుగారు డాబాగార్డెన్స్‌లో చుక్కల్ని గమనించడానికి సొంతంగా వేధశాల పెట్టారు. నేనా, ఆ పేటకి బట్టలు కొనడానికి వెళ్ళేవాణ్ణి.

ఆ జూన్ 8 రాత్రి మబ్బు కాస్త విడితే ఆగ్నేయంగా సముద్రం మీద ఎర్రగా జ్యేష్ఠ కనబడింది. వృశ్చికం తోక ఇంకా నీళ్ళలోంచి పూర్తిగా పైకి రానట్టే ఉంది. మృగశిరను దాచి తేలును పంపారన్నమాట. పిల్లకి తేలే నచ్చింది.

ఉత్తరాన సప్తర్షులు బాగా ఎత్తులో ఉన్నారు. వశిష్ఠుడి పక్కన అరుంధతిని చూపిస్తే మా ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క కట్టింది.

"మన పెళ్ళి కార్తీకంలో కదండీ, రాత్రి తొమ్మిదింటికి? నెలకి రెండు గంటలంటే ఆ వేళకి ఈవిడ భూమికి అవతల ఉండాలే. మరి ఆ రోజు మీరు నాకు చూపించిందేంటి?"

సింహాచలం కొండ మీద లైటని నేను చెప్పలేను. జవాబేదో మీరే వచ్చి చెప్పుకోండి.