అందాల ఆరబోతకు తేమ శాతం ఎంత?

దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు మా ఊళ్లో రోడ్డు సగం ధాన్యానికి, సగం బస్సుకు. మా తమ్ముడి ధాన్యానికి కాపలాగా చెట్టు నీడలో కుర్చీ వేసుకుని ఫోను చూస్తుంటే ఒక వార్త కనిపించింది. ఫలానా కథానాయిక అందాలు ఆరబోసిందట.

అంబాజీపేటలో కొబ్బరి కొట్టు గుమాస్తాగా ముప్పై ఎనిమిదేళ్లు పద్దులు రాసి ఇంటిపట్టున కూర్చున్న మనిషిని నేను. ఆరబోత అన్న మాట కనిపిస్తే నా ప్రాణం ఊరుకోదు. వార్తను రెండుసార్లు చదివాను. ఎంత సరుకు ఆరబోశారో లేదు. ఎన్ని రోజుల ఎండ తగిలిందో లేదు. తేమ ఎంత నుంచి ఎంతకు దిగిందో అసలే లేదు. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రం నుంచి వెనక్కి పంపుతారు. రైతు మళ్లీ రోడ్డు మీద పరిచి, కాళ్లతో సాళ్లు తీస్తూ తిరగబోస్తాడు. మబ్బు పడితే ఊరు ఊరంతా బరకాలు పట్టుకుని పరుగెడుతుంది. ఈ ఆరబోతకు మాత్రం బరకం పట్టుకొచ్చే నాథుడు లేడు. పైగా వార్త చదివినవాళ్లంతా ఉన్న కాస్త బరకమూ లాగేయమని కింద వేడుకుంటున్నారు. ఇది ఏ వ్యవసాయ పద్ధతో నాకు అంతుబట్టలేదు.

ఆ పక్కనే మరో వార్త. ఇంకొక నటి అందాల విందు వడ్డించిందని. విందు గురించి గోదావరి జిల్లావాళ్లకు ఒకరు చెప్పాల్సింది లేదు కాబట్టి ఆ సంగతి తర్వాత చూద్దాం.

నన్ను అపార్థం చేసుకోకండి. ఆడవాళ్లను సరుకు చేసేశారని గుండెలు బాదుకునే బాపతు కాదు నేను. సరుకంటే నాకు భక్తి. ఇన్నాళ్లూ నా కంచంలో అన్నం పెట్టింది సరుకే. సరుకన్నాక దానికి జరగాల్సిన మర్యాద జరగడం లేదన్నదే నా ఫిర్యాదు.

జిల్లా పేజీలో మా అంబాజీపేట ధరలు చూడండి. కొత్త కొబ్బరి క్వింటాలుకు ఇంత. కురిడీ, అంటే నీళ్లింకి లోపలే ఎండిన కాయ, అందులో గండేరా రకం వెయ్యికి ఇంత, గటగటా రకం వెయ్యికి ఇంత, నీటికాయ ఇంత. పాతదో కొత్తదో, ఏ రకమో, ఏ లెక్కనో తేలకుండా మావాళ్లు కాయను బస్తాలో వేయరు. 2025 సీజనుకు నూనె ఆడించే కొబ్బరికి క్వింటాలుకు 11,582 రూపాయలు, గుండుగా ఎండిన బాల్ కోప్రాకు 12,100 రూపాయలు మద్దతు ధర అని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. ధర అంతకంటే పడిపోతే రైతులు రోడ్డెక్కుతారు, పంటలు కొనే కేంద్ర సహకార సంస్థ నాఫెడ్ వచ్చి కొనాలంటారు. ఇక అదే పేపరు తిప్పితే కథానాయిక నిలువెత్తు రంగుల బొమ్మ. దానికి రకం లేదు, కొలత లేదు. ముప్పై దాటిందా, మద్దతు ధర కూడా లేదు. అక్క పాత్ర, ఆ తర్వాత అమ్మ పాత్ర. ఆమెతో గెంతులు వేసిన కథానాయకుడికి అరవై దాటినా దిగులు లేదు. మా దగ్గర పాత కురిడీకి వేరే వరుస ఉన్నట్టు ఆయనకు వేరే రేటు.

కొన్నేళ్ల కిందట మా కాలువ గట్టు మీద సినిమా షూటింగ్ జరిగింది. గోదావరి అందాలు తీయడానికి వచ్చామన్నారు. పాపం, కెమెరా కాలువ వైపు తిరిగింది ఒక్క పూటే. మిగిలిన రోజులన్నీ లంగా ఓణీ వేసుకున్న అమ్మాయి గట్టు మీద పరుగెడుతూనే ఉంది. నేను పుట్టి పెరిగిన గట్టు అది. అరవై ఏళ్లలో దాని మీద అలా పరుగెత్తిన ఆడపిల్లను నేను చూడలేదు. తెల్లారి ఊడ్పులకు వెళ్లి, మోకాళ్ల దాకా బురదతో తిరిగివచ్చి, గట్టెక్కాక నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం నిలబడేవాళ్లను చూశాను. ఆ నడుం మీదికి ఏ కెమెరా రాలేదు.

ఈ అమ్మాయిని ఎలా తీశారో చెప్పాలి. మొదట పాదాలు. తర్వాత జడ. ఆపైన ఒక పూటంతా నడుము. మొహం చివర్న తీశారు, అదీ వెలుతురు పోతోందని కంగారుగా. కథానాయకుణ్ణి మాత్రం ఎప్పుడు తీసినా ఏకమొత్తంగానే. నా పక్కన నిలబడి చూస్తున్న ఒలుపు కూలీ, "ఇది మన పనే కదండీ గుమాస్తాగారూ" అన్నాడు.

నిజమే. మేమూ విడగొట్టే అమ్ముతాం. డొక్క పీచుకు పోతుంది, చిప్ప బొగ్గుకు పోతుంది, కమ్మ నుంచి ఈనె తీస్తే చీపురు. చెట్టులో వృథా అన్నది లేదు. అయితే మా దగ్గర ఈనె అమ్మినా పీచు అమ్మినా ఎవరి పద్దులో జమ పడాలో వాళ్ల పద్దులోనే పడుతుంది. ఆ నడుము తాలూకు జమ ఎవరి ఖాతాలో రాశారో నేను ఎంత వాకబు చేసినా తెలియలేదు. బొమ్మ విడుదలయ్యాక హాల్లో నడుము కనిపించినప్పుడు పడిన ఈలలు కూడా కథానాయకుడి బ్యానరు కిందే కూర్చుని ఉన్నాయి.

సినిమా సరే, అది వినోదం. మోటారు వినోదం కాదు కదా. మా సెంటర్లో సబ్‌మెర్సిబుల్ మోటారు ఫ్లెక్సీ ఒకటి కట్టారు. ఎన్ని హార్స్ పవరో, ఎంత లోతు నుంచి నీళ్లు తోడుతుందో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మిగతా జాగా అంతా, బోరు గొట్టం కింద స్నానం చేసి వచ్చినట్టున్న అమ్మాయి, మోటారు మీద చెయ్యి వేసి. మోటార్లు బాగుచేసే మేస్త్రీని పిలిచి, ఈమె మోటారులో ఏ భాగం నాయనా అని అడిగాను. వారంటీలో రాదండీ అన్నాడు.

రొయ్యల మేత దుకాణం ముందు ఇంకొకామె నవ్వుతూ ఉంటుంది. ఆమె జన్మలో చెరువు గట్టు ఎక్కి ఉండదు. రొయ్య ఒలిచే షెడ్లలో పనిచేసే మా ఊరి ఆడవాళ్లకు తలకు టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లవుజులు, కాళ్లకు బూట్లు. కళ్లు తప్ప మరేమీ కనిపించవు. అక్కడ గుడ్డలు ఊడేది రొయ్యకే. వాళ్ల బొమ్మ ఏ ఫ్లెక్సీ మీదా లేదు. ఉన్నా కొనేవాళ్లు గుర్తుపట్టలేరు లెండి.

చట్టాల సంగతీ కనుక్కున్నాను, గుమాస్తా బుద్ధి. సంక్రాంతికి మా వైపు బరిలో దిగే పుంజుకు జంతు హింస నిరోధక చట్టం 1960లోనే వచ్చింది. పుంజు తరఫున హైకోర్టు దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. డేగ, కాకి, నెమలి అంటూ రంగుకో పేరు, ఏ రోజు ఏది గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం అదనం. బరి పక్కనే స్టేజీ కట్టి అర్ధరాత్రి రికార్డింగ్ డాన్సు ఆడించే అమ్మాయికి శాస్త్రం లేదు. స్త్రీలను అసభ్యంగా చూపించడాన్ని నిషేధించే చట్టం 1986లో వచ్చింది. అంటే పుంజు తర్వాత ఇరవై ఆరేళ్లకు. మొదటిసారి తప్పు చేస్తే రెండేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. నాకు తెలిసింది లెక్కలు కాబట్టి లెక్కలోనే చెబుతాను: ఇవాళ రెండు వేలకు వెయ్యి కొబ్బరికాయలు కూడా రావు.

ఇంతవరకు రాసి మా ఆవిడకు వినిపించాను. ఆమెది నరసాపురం వైపు. లేసు అల్లుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద నడుస్తూనే ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆవిడ అల్లిన లేసు ఎక్కడో ఒక తెల్లమ్మాయి భుజం మీద ఉన్న బొమ్మ నేను ఒకసారి చూశాను. భుజం బాగా కనిపిస్తోంది. లేసు కోసం కళ్లద్దాలు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆవిడ అంతా విని, సూది మీద నుంచి కళ్లెత్తకుండా, "మీరు మా ఇంటికి పెళ్లిచూపులకు వచ్చిన రోజు సంగతి రాయలేదేం?" అంది.

రాయడానికి ఏముంది? అందరూ చేసేదే. మా అమ్మ ఆవిడను అటూ ఇటూ నడిపించింది. సవరమేమోనని జడ విప్పించింది. రంగు పౌడరుదా సొంతమా అని బుగ్గ మీద వేలితో రాసి చూసింది. నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను.

"కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టి ఊపి చూసినట్టు చూశారు. మీకంటే ముందు నలుగురు ఊపి చూసి కింద పెట్టి వెళ్లారు. అది మీ పద్దుల్లో ఉందా?"

నేను తగ్గలేదు. కాయ కొనేవాడు డబ్బిస్తాడు. ఇక్కడ మీ నాన్నగారే నాకు డబ్బిచ్చారు. అప్పటికి వరకట్న నిషేధ చట్టం ఉండనే ఉంది కానీ, 1961 నాటిది కదా, పెద్దవాళ్లు పాతబడిందనుకుని ఉంటారు. ఏ లెక్కన చూసినా అమ్ముడుపోయిన సరుకు నేనే అని వాదించాను.

"మరి మిమ్మల్ని ఎవరూ ఊపి చూడలేదే" అంది ఆవిడ. చూసి ఉంటే ఈ కాయ కొనేవాళ్లు కాదన్నది ఆవిడ భావం అయి ఉండవచ్చు. వివరణ అడగలేదు.

విందు సంగతి మిగిలిపోయింది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారని ఉండేవారు. 1841లో పుట్టి 1909లో పోయారు. ఏ వేళకు ఎవరు ఆకలితో గుమ్మంలోకి వచ్చినా వండి పెట్టారు. ఆ పేరు లండను దాకా పోయి, ఏడో ఎడ్వర్డు చక్రవర్తి కోసం ఆవిడ ఫోటో కావాలని దొరలు అడిగారట. పెట్టిన అన్నానికి ఫోటో ఎందుకని ఆవిడ ఒప్పుకోలేదట. తీయించకపోతే తన ఉద్యోగం పోతుందని కలెక్టరు బతిమాలితే అప్పుడు కూర్చున్నారని కోనసీమలో చెప్పుకుంటారు. వడ్డించిన మనిషి మొహం చూపించడానికి ఇష్టపడకపోవడం, ఇప్పటి విందువార్తలు రాసేవాళ్లకు చాలా వెనకబాటుగా కనిపిస్తుందని నాకు తెలుసు.

గోదావరి పాయ వైనతేయ మీద కాలువను దాటించే గన్నవరం అక్విడక్టుకు ఇప్పుడు ఆవిడ పేరే. మొన్న బస్సులో దాని మీదుగా వస్తున్నాను. అక్విడక్టు దాటి కాస్త దూరం రాగానే కొత్త ఫ్లెక్సీ కనిపించింది. తడిసిన చీర, పక్కకు తిరిగిన నడుము, చేతిలో ఏదో వస్తువు. అదేమిటో పోల్చుకునేలోపే బస్సు మలుపు తిరిగింది. పక్క సీటులో పెద్దమనిషి మెడ తిప్పి, అది కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నారు.

"దేని ప్రకటనండీ అది?" అని అడిగాను.

ఆయన కాసేపు ఆలోచించి, "వస్తువు చూడలేదండీ" అన్నారు.