సరస్సు దగ్గర ఇరవై నిమిషాలా?

అమ్మ పుట్టింది తడ దగ్గర. పులికాట్ సరస్సును ఇటు తమిళనాడు వైపు నుంచి, పళవేర్కాడు అనే ఊళ్లో చూడాలని ఎన్నాళ్ల కోరికో. అందుకే చెన్నైలో హాఫ్ డే టూర్ బస్సెక్కించాను. సుమారు 60 కిలోమీటర్ల దారి. ఆరింటికి బయల్దేరాల్సిన బస్సు టీనగర్, కోడంబాక్కం, అన్నానగర్ అంటూ ఒక్కొక్కరినీ ఎక్కించుకుని ఊరు దాటేసరికి ఎనిమిదిన్నర. టిఫినుకి ముప్పావుగంట. ఆ తర్వాత, ఎవరూ అడగని చీరల కొట్టు ముందు గంటసేపు! నాలుగింటికే లేచిన అమ్మ సీట్లోంచి కదల్లేదు. పెరుగన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

తీరా చేరాక "ఇరవై నిమిషాలే సార్" అన్నాడు గైడు. 1613లో డచ్చివాళ్లు కోట కట్టిన ఊరది. వాళ్ల శ్మశానం వాకిట్లో రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఇప్పటికీ ఉన్నాయి. అటు తీసుకెళ్లనే లేదు. పడవల దగ్గర రొయ్యలమ్మే ఆడవాళ్లతో అమ్మ వచ్చీరాని తమిళంలో మాట కలిపిందో లేదో, హారన్! తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాల్సి వచ్చింది డెబ్భై ఏళ్ల మనిషి. నా కడుపు మండిపోయింది. సరస్సు పేరు చెప్పి డబ్బు కట్టించుకున్నవాళ్లు, ఆ చీరల కొట్టు దగ్గర పోగొట్టిన గంటైనా ఆ గట్టు మీద ఇవ్వకూడదా?