బాతు చుట్టూ ఉన్న నల్లగీత గారికి

మహారాజశ్రీ నల్లగీత గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మేమొక చిన్న పిల్లల బడి పెట్టిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు, పద్దెనిమిది మంది. బంకమట్టి, రంగులు, ఒక డోలు, గుడ్డపీలికల బుట్ట. ఏ పూట ఏది ముట్టుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు. ఇల్లు వెతికాం, అనుమతుల కోసం తిరిగాం, కుళాయిలు పిల్లల మోకాళ్ల ఎత్తున పెట్టిస్తే ప్లంబరు మా వంక జాలిగా చూశాడు. ఇన్ని పనుల్లో మిమ్మల్ని పిలవడం ఒక్కటే మానేశాం. అయినా మొదటి వారంలోనే దయచేశారు, ఓ తల్లి అభిమానంగా తెచ్చిచ్చిన, రంగులు నింపే అచ్చుబొమ్మల రెండు వందల కాగితాల కట్టలో, బాతు వేషంలో.

మీ ఘనత కాదనలేను. మీరుంటే పద్దెనిమిది మందీ పద్దెనిమిది పసుపు బాతులు తయారుచేస్తారు. వరుసగా గోడకు అంటిస్తే కన్నుల పండుగే. ఏ బాతు ఎవరిదో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు కాబట్టి వెనక పేర్లు రాస్తాం.

మీరు లేకపోతే ఏమవుతుందో మొన్న చూశాం. నాలుగేళ్ల పాప ఒక ఇల్లు వేసింది. కిటికీలో అమ్మమ్మను కూర్చోబెట్టింది. వాకిట్లో కుక్క. తర్వాత నల్లరంగు గిన్నెలో కుంచె ముంచి, నాలుక బయటపెట్టి, అంచు నుంచి అంచు దాకా మొత్తం పూసేసింది. రాత్రయిందట, అందరూ పడుకున్నారట. సాయంత్రం తండ్రి వచ్చి ఆ నల్లకాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇవాళ ఏమీ నేర్పలేదా?” అన్నాడు.

ఆయనను తప్పు పట్టను. ఇటలీలో రెజ్జియో ఎమీలియా దగ్గరి పల్లెవాసులు 1945లో, యుద్ధం వదిలిపోయిన ఒక ట్యాంకును, కొన్ని లారీలను, గుర్రాలను అమ్మి ఆ డబ్బుతో బడి మొదలుపెట్టారు. అమ్ముకోవడానికి మాకు ట్యాంకు దొరకలేదు, ఫీజు పెట్టాం. ఫీజు తీసుకున్నాక రుజువు చూపించాలి. రుజువంటే మీరే కదా.

మీ పలుకుబడి కూడా తక్కువది కాదు. 1837లో జర్మనీలో తొలి కిండర్‌గార్టెన్‌కు, అంటే ‘పిల్లల తోట’కు, పునాది వేసిన ఫ్రోబెల్ అంతటివాడు కూడా పిల్లలతో గళ్లు గీసిన పలకల మీద బొమ్మలు వేయించాడు. తోట అన్నాడే గానీ కంచె మరువలేదు! అమెరికాలో రోడా కెలాగ్ అనే ఆవిడ పసిపిల్లల బొమ్మలు లక్షల్లో పోగేసి, ఆ గజిబిజిలో ఇరవై రకాల మూలగీతలున్నాయని తేల్చింది. ఆ ఇరవైనీ కలిపి మనం పిచ్చిగీతలు అంటాం. బుద్ధిమంతులు మీరొక్కరే.

దాచడమెందుకు, తల్లిదండ్రులను పిలిచిన రోజున మీ కట్ట విప్పింది నేనే. గోడలు బోసిగా కనిపించి గుండె జారింది. ఆ పాప ముందు బాతును పెట్టి, పసుపురంగు చేతికి దగ్గరగా జరిపాను కూడా. కాగితం వంక కాసేపు చూసి, “ఇది ఎవరో వేసేశారుగా” అని చేతులు తుడుచుకుని మట్టి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ వేళ గోడమీద నల్లకాగితమే వేలాడింది. దాని పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ అమ్మమ్మ ఎక్కడ పడుకుందో వేలు పెట్టి చూపించాను.

ఇట్లు,
మీ ద్రోహి

తా.క. మిగిలిన మీ బాతులను నీళ్లలో నానబెట్టాం. ఆ గుజ్జుతో ఏనుగు చేస్తామని పిల్లలు పొద్దున తీర్మానించారు. మధ్యాహ్నానికి అది బస్సయింది.