కొత్త టూల్స్ మీద రిఫరెన్స్ డెస్కుకీ కేటలాగు గదికీ వాదన

మా లైబ్రరీలో చదువరుల ప్రశ్నలకు జవాబిచ్చే రిఫరెన్స్ డెస్కులో ఆమె కూర్చుంటుంది. ఆయన ఇరవై ఏళ్లకు పైగా కేటలాగు గదిలో ఉన్నారు. ఆరు నెలలుగా ఆమె ఆన్‌లైన్ టూల్స్ ఒక్కొక్కటే వాడి చూస్తోంది, కొన్ని పని కోసం, కొన్ని సొంతానికి. ఆయనకది మొదటినుంచీ నచ్చలేదు. ఒక సాయంత్రం లైబ్రరీ మూసే వేళకు ఇద్దరూ వాదనకు దిగారు. నేను పక్కనే కూర్చుని తిరిగొచ్చిన పుస్తకాలు సర్దుతున్నాను. గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

కేటలాగు: ఈ వారం ఏం పట్టుకొచ్చావమ్మా?

రిఫరెన్స్: జొటేరో సార్, చూసిన పుస్తకాల వివరాలు దాచి థీసిస్ చివరి జాబితా తయారుచేసిపెట్టే సాఫ్ట్‌వేర్. పొద్దున ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చాడు. థీసిస్ చివర నూటయాభై ఎంట్రీలు చేత్తో టైపు చేసుకున్నాడు. ఇప్పుడు గైడ్ స్టైల్ మార్చమన్నారట. కామాలు, ఇటాలిక్‌లు, సంవత్సరం ఎక్కడ రావాలన్నది, అన్నీ మళ్లీ దిద్దాలి. టెన్షన్‌తో సగమైపోయాడు. నేను ఒక పుస్తకం వెనకుండే ఐఎస్‌బీఎన్ నంబరు కొట్టి చూపించాను. పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం వాటంతటవే వచ్చేశాయి. స్టైల్ మార్చాలంటే ఒక్క క్లిక్కు. నెల రోజులు నా సొంత చదువుకు వాడకపోయుంటే అతనికి చూపించగలిగేదాన్నా?

కేటలాగు: జొటేరో జోలికి నేను రాను. 2006లో జార్జ్ మేసన్ యూనివర్సిటీ వాళ్లు తెచ్చారు, ఓపెన్ సోర్స్, డేటా మన కంప్యూటర్లోనే ఉంచుకోవచ్చు. నేను అడిగేది వేరు. ఈ ఆరు నెలల్లో ఎన్ని ఖాతాలు తెరిచావు?

రిఫరెన్స్: పందొమ్మిది.

కేటలాగు: ఇప్పుడు వాడేవి?

రిఫరెన్స్: నాలుగు.

కేటలాగు: మిగతా పదిహేను చోట్లా నీ పేరు, నీ మెయిల్, నువ్వు ఎక్కించిన ఫైళ్లు అలాగే పడున్నాయి కదా.

రిఫరెన్స్: వాడి చూస్తేనే కదా సార్ ఏది పనికొస్తుందో తెలిసేది! 2006లోనే అమెరికాలో షార్లెట్ పబ్లిక్ లైబ్రరీ సిబ్బంది కోసం హెలెన్ బ్లోవర్స్ 23 పనుల కోర్సు ఒకటి తయారుచేశారు. బ్లాగు మొదలుపెట్టడం, ఆరెస్సెస్ ఫీడ్ (సైట్లలో కొత్తగా వచ్చినవి ఒకేచోట చూపేది), ట్యాగులు, వికీ, పాడ్‌కాస్ట్. ఎవరికి వాళ్లు చేసి చూసి, అనుభవం రాసుకోవాలి. పూర్తిచేసిన వాళ్లకు ఎంపీత్రీ ప్లేయర్ బహుమతి. తర్వాత ఎన్నో దేశాల లైబ్రరీలు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకుని నడిపాయి. నేనేమీ కొత్త దారి తొక్కడం లేదు.

కేటలాగు: ఆ 23లో లింకులు దాచుకునే డెలీషియస్ కూడా ఉంది. 2003లో మొదలై, చేతులు మారి మారి, 2017లో కొత్త లింకులు చేర్చే వీలు లేకుండా ఆగిపోయింది. ఆరెస్సెస్ ఫీడ్లు చదవడానికి అంతా ఎగబడిన గూగుల్ రీడర్ 2005లో వచ్చి 2013 జూలై 1న మూతబడింది. మనం చదువరులకు అలవాటు చేసిన వస్తువు మన చేతిలో లేకుండానే మాయమైపోతుంది.

రిఫరెన్స్: అందుకని అసలు ముట్టుకోకుండా ఉంటామా?

కేటలాగు: నేనూ ముట్టుకున్నవాడినే. ఒక సర్వీసులో మూడేళ్లు కూర్చుని సబ్జెక్టువారీగా లింకులు పేర్చాను. ఒక్కోదాని కింద రెండు మూడు లైన్ల నోట్, ఎవరికి పనికొస్తుంది, ఎంత నమ్మవచ్చు అని. ఒకరోజు మూసేస్తున్నామని మెయిల్ పంపారు. అది నేను చూడడం మానేసిన ఇన్‌బాక్సుకు వెళ్లింది. చూసేసరికి గడువు దాటిపోయింది. లింకులు మళ్లీ వెతుక్కున్నాను. ఆ నోట్స్ మళ్లీ రాసే ఓపిక లేకపోయింది.

(ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఆయనకు కంప్యూటర్ పొడ గిట్టదని అనుకునేవాళ్లం. ఆమె కాసేపు ఏమీ అనలేదు.)

రిఫరెన్స్: నేను ఖాతా తెరవగానే వెతికేది ఎక్స్‌పోర్ట్, అంటే మన డేటా బయటికి తీసుకునే వీలు, ఎక్కడుందనే సార్. మన డేటాను సీఎస్‌వీ లాంటి మామూలు టెక్స్ట్ పట్టిక ఫైలుగా కూడా ఇవ్వనిది ఎంత అందంగా ఉన్నా వాడను. ఆ పదిహేనులో తొమ్మిదింటిని అందుకే వదిలేశాను.

కేటలాగు: వదిలేశావు. ఖాతా మూసేశావా?

రిఫరెన్స్: లేదు.

కేటలాగు: సరే, నీ పేరు నీ ఇష్టం. ప్రశ్నల షీట్ సంగతి చెప్పు.

రిఫరెన్స్: దాన్ని మాత్రం అనకండి. డెస్కు దగ్గర ఎవరేం అడిగారు, ఏ పుస్తకం చూపించాం, అన్నీ అందులో ఉన్నాయి. అదే ప్రశ్న రెండోసారి వస్తే వెంటనే జవాబు దొరుకుతోంది. చదువరి సమయం ఆదా చేయమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే తన ఐదు సూత్రాల్లో నాలుగోదిగా రాశారు కదా.

కేటలాగు: ఎవరి ఖాతాలో ఉంది?

రిఫరెన్స్: నా సొంత ఖాతాలో.

కేటలాగు: నిన్న నాకు లింకు పంపావు. లాగిన్ కూడా అడగలేదు, నొక్కగానే తెరుచుకుంది. పదిహేడో వరుసలో ఒకావిడ విడాకుల చట్టం మీద పుస్తకాలు అడిగింది. పక్క కాలమ్‌లో ఆవిడ పేరు, ఫోన్ నంబరు. ఆ ప్రశ్న ఆవిడ నిన్ను గట్టిగా అడిగిందా?

రిఫరెన్స్: లేదు సార్. వెనక్కి తిరిగి చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది. పుస్తకం రాగానే ఫోన్ చేద్దామని నంబరు తీసుకున్నాను.

కేటలాగు: మనం వాడే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో, పుస్తకం తిరిగొచ్చాక ఎవరు తీసుకెళ్లారన్న ఆనవాలు చెరిపేసే సెట్టింగ్ ఉంది. దాన్ని పెట్టించడానికి ఎంత పోట్లాడామో నీకు గుర్తే. అక్కడ చెరిపించినదాన్ని ఇక్కడ నువ్వు రాసిపెడుతున్నావు.

(నా మట్టుకు నాకు ఈ విషయంలో ఆయనదే న్యాయం. టూల్ మంచిదా చెడ్డదా అన్నది తర్వాత. ఆవిడ మనల్ని నమ్మి గొంతు తగ్గించింది. అయితే ఆమె ఇచ్చిన జవాబును కూడా నేను తోసెయ్యలేను.)

రిఫరెన్స్: తప్పు నాదే. కానీ ఆ షీట్ లైబ్రరీ ఖాతాలో ఎందుకు లేదో కూడా అడగండి. అందరికీ కలిపి ఒక ఖాతా కావాలని రెండుసార్లు అడిగాను. పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గరే మాట ఆగిపోయింది. పని ఆగదు కదా, సొంత ఖాతాలో పెట్టుకున్నాను. మీరు వద్దన్నంత మాత్రాన టూల్ రాకుండా ఉండదు సార్, దొడ్డిదారిన వస్తుంది. చదువరులు ఎలాగూ తెస్తున్నారు. మొన్న ఒకతను చాట్‌బాట్ ఇచ్చిన ఆరు పుస్తకాల జాబితాతో వచ్చాడు. నాలుగు దొరికాయి. మిగతా రెండిటికీ రచయిత నిజం, ప్రచురణకర్త నిజం, పుస్తకం మాత్రం లేదు. ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి కేటలాగు వరల్డ్‌క్యాట్‌లో వెతికాను, ప్రచురణకర్త జాబితా చూశాను, ఎక్కడా లేదు. ఇంట్లో రాత్రుళ్లు దానితో మాట్లాడి ఎలా తప్పు చెబుతుందో చూశాను కాబట్టి నాకు వెంటనే అనుమానం వచ్చింది. తెలియని వాళ్లయితే ఇంకో లైబ్రరీలో చూసుకోమని పంపేసేవాళ్లు.

కేటలాగు: నేను పంపాను. పోయిన నెల ఒకమ్మాయిని. ఎక్కడెక్కడ తిరిగిందో మరి.

రిఫరెన్స్: అందుకే సొంతానికి వాడటం, పనికి వాడటం అని గీత గీయలేను.

కేటలాగు: ఖాతాల మధ్య గీయొచ్చు. నీది నీకు, లైబ్రరీది లైబ్రరీకి. కొత్త టూల్‌ని చూసేటప్పుడు చదువరి పేరు ఒక్కటి కూడా ఎక్కించొద్దు. లైబ్రరీ పని దేంట్లో పెట్టినా ముందు ఒక మాట చెప్పు.

రిఫరెన్స్: పేర్ల సంగతి ఒప్పుకుంటున్నాను. ప్రతిదానికీ అనుమతి అంటే మాత్రం కుదరదు సార్. అడిగి, ఎదురుచూసి, అది వచ్చేలోపు చదువరి వెళ్లిపోతాడు.

కేటలాగు: నేను మాత్రం అడగమనే అంటాను.

అక్కడ ఇద్దరూ తగ్గలేదు. ఆమె లాప్‌టాప్ తెరిచి షీట్‌ని సీఎస్‌వీగా దించుకుంది. తెరిస్తే తెలుగు పేర్లన్నీ అర్థంకాని గుర్తులై కనిపించాయి. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, నేరుగా తెరవకుండా ఇంపోర్ట్ చేయమని, ఎన్‌కోడింగ్ దగ్గర తెలుగు అక్షరాలను సరిగ్గా చదివే యూటీఎఫ్-8 ఎంచుకోమని చెప్పారు. అక్షరాలు సరిగ్గా వచ్చాయి.

కేటలాగు: ఇప్పుడు ఆన్‌లైన్ షీట్‌లో పేర్లు, నంబర్ల కాలమ్స్ తీసెయ్.

రిఫరెన్స్: తీసేస్తే సరిపోదు సార్. పాత వెర్షన్లు లోపల ఉంటాయి, వెనక్కి వెళ్లి చూడొచ్చు. ప్రశ్నలు మాత్రం కొత్త షీట్‌లోకి తెచ్చుకుని, పాత లింకు ఆపేసి, ఆ ఫైలు మొత్తం తీసేయాలి. ట్రాష్‌లోంచి కూడా.

కేటలాగు: అది నాకు తెలియదు. చెయ్యి, చూస్తాను. మరి ఆ పదిహేను ఖాతాలు?

రిఫరెన్స్: ఇదయ్యాక వాటి పని పడదాం. దించిన ఫైల్లో కూడా పేర్లున్నాయి, ముందు దాన్ని తీసెయ్యనివ్వండి.