మేనత్తకు విదేశీ కొలువు

ఐరోపా ప్రభుత్వాలకు ఒక చిన్న మనవి. మీరు వెతుకుతున్న నిపుణురాలు మా ఇంట్లోనే ఉంది. మా మేనత్త. చదువు ఎనిమిదో తరగతి. అనుభవం 60 ఏళ్లు, అంతా అరుగు మీదే.

2018 జనవరిలో బ్రిటన్ ఒంటరితనానికి ఒక మంత్రిని నియమించింది. వేళాకోళం కాదు, ట్రేసీ క్రౌచ్ గారు. ఆవిడ నవంబరు మొదట్లోనే రాజీనామా చేశారు. కారణం వేరేలెండి, జూదం యంత్రాల మీద పందెం పరిమితి తగ్గించడం ప్రభుత్వం ఆలస్యం చేస్తోందని. ఏమైతేనేం, ఒంటరితనం కుర్చీ కూడా కాసేపు ఒంటరిదైంది. 2023లో అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వపు పెద్ద డాక్టరు, వివేక్ మూర్తి గారు, మనుషులతో పొత్తు లేకపోవడం రోజుకు 15 సిగరెట్ల దాకా కాల్చినంత చేటన్నారు. ఈ లెక్క చదివి వినిపిస్తే మా అత్త, "అదీ సంగతి! మీ మామయ్య అన్ని చుట్టలు కాల్చినా ఎనభై దాటాడంటే, రచ్చబండ వదల్లేదు గనకనే" అంది. వైద్యులు ఒప్పుకోకపోవచ్చు.

అసలు మెచ్చుకోవాల్సింది నెదర్లాండ్స్ వాళ్లని. 2019లో వ్లైమెన్ అనే ఊళ్లో యుంబో సూపర్‌మార్కెట్ ఒక కబుర్ల కౌంటరు తెరిచింది. తొందర లేనివాళ్లు అక్కడ నింపాదిగా మాట్లాడుతూ బిల్లు కట్టొచ్చు. జనం బాగానే రావడంతో 200 కొట్లలో పెడతామన్నారు. మనుషుల్ని తీసేసి యంత్రాలు పెట్టి మిగిల్చుకున్న నిమిషాలన్నీ తెచ్చి మళ్లీ ఆ కౌంటర్లోనే పోస్తున్నారన్నమాట.

ఈ విద్య మా ఊరి కిరాణా కొట్లో ఎప్పటిదో. "పోయినసారి పప్పు ఉడకలేదయ్యా" అనే ఫిర్యాదుతో మా అత్త బేరం మొదలెట్టేది. శెట్టిగారు తూచి, పొట్లం కట్టి, పురికొస చుట్టేవారు. రెండో చుట్టు దగ్గర చెయ్యి ఆగిపోయేది, ఎందుకంటే అప్పుడే ఆయన కోడలి కాన్పు ప్రస్తావన వచ్చేది. వెనక నిలబడ్డ నలుగురూ విసుక్కోకపోగా తలో సలహా పడేసేవారు. అరకిలో కందిపప్పు, ముప్పావుగంట.

స్వీడన్‌లోని లులియో నగరంలో అయితే, ఎదురుపడ్డవాళ్లను పలకరించండని నగరపాలక సంస్థే ప్రచారం చేసింది. మా అత్తకు ఇది బుర్రకెక్కలేదు. "'ఎటు పోతున్నావురా' అనడానికి మునిసిపాలిటీ చెప్పాలా?"

ముందే ఒక హెచ్చరిక. ఈవిడ పలకరింపు పలకరింపుతో ఆగదు. జీతమెంత, పెళ్లెందుకు కాలేదు, అయితే పిల్లలెందుకు లేరు, ఉంటే ఒక్కడేనా అని సాగుతుంది. మూడు వారాల్లో మీరు ఏకాంతానికి ఇంకో మంత్రిని వేసుకోవాల్సి రావచ్చు. ఆ ఖర్చు మాది కాదు.

త్వరగా తేల్చండి. హైదరాబాద్‌లో మా పదకొండో అంతస్తుకు వచ్చాక ఆవిడ విద్యకు తుప్పు పడుతోంది. ఎదురింటివాళ్ల పేరు మాకే తెలీదు, ఆవిడకేం చెప్తాం? పప్పు పది నిమిషాల్లో గుమ్మంలోకి వస్తుంది. తెచ్చిన కుర్రాడు హెల్మెట్టయినా తీయడు, చూపంతా లిఫ్టు మీదే.

మొన్న వాడికి ఓటీపీ చెప్పమని ఫోను అత్త చేతికిచ్చాను. నాలుగే అంకెలు.

"ఏడు... ఏ ఊరు నాయనా మీది?"

"నల్గొండ పక్కనమ్మా. తర్వాత?"

"తర్వాత రెండు... అన్నం తిన్నావా?"