ఖాళీ బోలెడుంది, కూతవేటు దూరంలో లేదు

512 ఎంబీ ర్యామ్, 32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ఒక బోర్డు, అంటే చిన్న కంప్యూటర్. లినక్స్ మీద వై-ఫై డ్రైవర్ ఎక్కిద్దామని ఇన్స్‌మాడ్ కొట్టాను. లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు ఇలాంటి అదనపు ముక్కల్ని (మాడ్యూల్స్) తగిలించే ఆదేశమది. మెమరీ కేటాయించలేనంది. చూస్తే 300 ఎంబీకి పైగా ఖాళీ! కెర్నెల్ లాగ్ తెరిస్తే అందులో ఉచిత సలహా: వీమాలక్ (కెర్నెల్ తన అవసరాలకు మెమరీ తీసుకునే ఒక చిరునామాల ప్రాంతం) విలువ పెంచుకోమని. పెంచాను. మళ్లీ అదే మాట. ఇంకా పెంచాను. రెండు రోజులు ఇలాగే పోయాయి.

నా కోపం మెమరీ చాలలేదని కాదు, ఏ మెమరీ చాలలేదో చెప్పనందుకు.

ఈ ప్రాసెసర్‌లో ఒక ఫంక్షన్ మరో ఫంక్షన్‌ను నేరుగా పిలవాలంటే ఆ పిలుపు అటు 32 ఎంబీ, ఇటు 32 ఎంబీ వరకే వినిపిస్తుంది. ప్రాసెసర్‌కిచ్చే పిలుపు ఆదేశంలో (ఇన్‌స్ట్రక్షన్) దూరానికి మిగిలేది 24 బిట్లే మరి. మాడ్యూల్ పొద్దస్తమానం కెర్నెల్‌ను పిలుస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని కెర్నెల్‌కు కూతవేటు దూరంలోనే కూర్చోబెట్టాలి. అందుకని కెర్నెల్ చిరునామాలకు సరిగ్గా కింద మాడ్యూల్స్ కోసం 16 ఎంబీల చిరునామాల గది కట్టారు. హైమెమ్ (కెర్నెల్ నేరుగా అందుకోలేని ర్యామ్‌ను వాడుకునే ఏర్పాటు) పెట్టుకుంటే అందులోనూ 2 ఎంబీ కోత. పాత కెర్నెల్ కాబట్టి బూట్ లాగ్‌లో మాడ్యూల్స్ వరుస పక్కన 14 ఎంబీ అని రాసే ఉంది, నేనే చూడలేదు. వీమాలక్ ప్రాంతం వేరు, ఈ గది వేరు. అది ఎంత పెంచినా ఇది అంగుళం పెరగదు. కేటాయించే యంత్రాంగం రెండింటికీ ఒకటే కావడంతో సలహా కూడా ఒకటే వస్తుంది.

64 బిట్ల ఇంటెల్ యంత్రాల్లో కూత 2 జీబీల దాకా వెళ్తుంది కాబట్టి అక్కడివాళ్లకు ఈ బాధ పెద్దగా తెలియదు.

గదిని నింపిందెవరో వెతికితే సగం నేరం ఆ వై-ఫై డ్రైవర్‌దే. ఫర్మ్‌వేర్ (వై-ఫై చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) మొత్తాన్ని సీ భాషలో బైట్ల పట్టికగా మార్చి మాడ్యూల్‌లోనే కుట్టేశారు. ఎవరినీ పిలవని ఉత్త డేటా, పిలిచేవాళ్ల కోసం కట్టిన గదిలో పరుపేసుకుని పడుకుంది! ఫర్మ్‌వేర్‌ను ఫైలుగా ఉంచి, కావలసినప్పుడు తెప్పించుకుని చిప్‌కు అందించి వదిలేసే పద్ధతి కెర్నెల్‌లో ఏనాటి నుంచో ఉంది. (డీబగ్ సమాచారంతో, అంటే తప్పులు వెతకడానికి పెట్టే వివరాలతో, ఉబ్బిన కేవో ఫైలు (మాడ్యూల్ ఉండే ఫైలు) సైజు చూసి కంగారు పడేవాళ్లకు ఒక మాట: ఆ సమాచారం ఈ గదిలోకి ఎక్కదు. ఎక్కిన మాడ్యూల్స్ జాబితా ఇచ్చే ఎల్ఎస్‌మాడ్ ఆదేశం చూపే అంకె చూసుకోండి.)

చివరికి ఆర్మ్ మాడ్యూల్ పీఎల్‌టీ ఆప్షన్ పెట్టి కెర్నెల్ మళ్లీ కట్టుకున్నాను. గది నిండితే మాడ్యూల్‌ను దూరంగా వీమాలక్‌లో పెడతారు, పిలుపులు మధ్యలో ఒక చిన్న మజిలీ చేసుకుని వెళ్తాయి. 2015 నుంచి ఉన్న సదుపాయమే. బోర్డుతో ఇచ్చిన కెర్నెల్‌లో దాన్ని ఆపేసి ఉంచారు.

బోర్డు అమ్మినవాళ్లకు ఇదంతా వివరంగా రాశాను. ఒక జీబీ ర్యామ్ ఉన్న మోడల్ కొనుక్కోమని జవాబిచ్చారు. దాని బూట్ లాగ్ కూడా పంపించారు పాపం. అందులోనూ 14 ఎంబీయే.